చందనం కింద స్వామి, కనుచూపు అవతల ఓడ

మా అబ్బాయి సరుకు ఓడల్లో ఇంజనీరుగా పనిచేస్తున్నాడు. విశాఖపట్నంలో ఇదేమంత అరుదైన ఉద్యోగం కాదు. పెదవాల్తేరులో మా వీధిలోనే మూడిళ్ళలో ఓడ ఎక్కిన పిల్లలున్నారు. సెలవులకు వచ్చినవాళ్ళు రామకృష్ణా బీచిలో నిలబడి చూసే సముద్రం, కడుపున పుట్టినవాణ్ణి దాని మీదికి పంపి ఒడ్డున మిగిలిన తల్లి చూసే సముద్రం ఒకటి కావు. మూడేళ్ళ కిందటి దాకా నేను ఆ నీళ్ళను నెమ్మదిగా చూసిన రోజు ఒక్కటీ లేదు. ఈ మూడేళ్ళలో నా భయం పూర్తిగా పోయిందని చెప్పను గాని, దాని పక్కన మరొకటి వచ్చి కూర్చుంది. దాన్ని శాంతి అనాలో విశ్వాసం అనాలో చాలా రోజులు నాకే తెలియలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం తెలుసు. ఉదయం పూట ఇంటి బాల్కనీలోనూ ఇసుక మీదా కళ్ళారా చూసినవాటి నుంచి, వాటిని చూసే తీరు మారడం నుంచి వచ్చింది. దేవుడున్నాడని నమ్ముతూ కూడా మనసు నిలవనివాళ్ళ కోసం, ముఖ్యంగా దూరాన పిల్లలున్న తల్లిదండ్రుల కోసం, ఆ సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాను.

అప్పట్లో నా ఫోనులో ఒక ఆప్ ఉండేది. ఓడలు తామెక్కడున్నదీ, ఎటు పోతున్నదీ రేడియో తరంగాల మీద ఎప్పటికప్పుడు ప్రకటిస్తూ ఉంటాయి. తీరంలో ఉన్న రిసీవర్లు ఆ సంకేతాన్ని అందుకుంటే పటం మీద ఆ ఓడ చిన్న చుక్కలా కదులుతూ కనిపిస్తుంది. తెల్లవారి పొయ్యి వెలిగించకముందే ఒకసారి, వంట మధ్యలో నాలుగైదుసార్లు, రాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా నేను ఆ చుక్కను చూసేదాన్ని. అయితే ఆ రిసీవర్లకు సంకేతం అందేది తీరం నుంచి సుమారు 40 నాటికల్ మైళ్ళ వరకే, అంటే దాదాపు 75 కిలోమీటర్లు. అంతకు మించి లోపలికి పోయిన ఓడను ఉపగ్రహాలే పట్టుకోవాలి. ఆ సమాచారం నా దగ్గరున్న ఉచిత ఆప్‌లో ఉండేది కాదు. అందువల్ల ఓడ నడిసముద్రంలోకి వెళ్ళగానే చుక్క చివరిసారి కనిపించిన చోటే ఆగిపోయేది. ఆగిపోయింది చుక్కే గాని ఓడ కాదని నాకు తెలుసు. అయినా అరచేతిలో అది కదలకుండా ఉన్నంతసేపూ నా ఊపిరి కూడా సరిగా ఆడేది కాదు.

మూడేళ్ళ కిందట, జ్యేష్ఠం వెళ్ళి ఆషాఢం వచ్చిన రోజుల్లో, మావాడి ఓడ బ్రెజిల్‌లో ఇనుప ఖనిజం నింపుకుని దక్షిణాఫ్రికా కొన చుట్టి తూర్పుకు వస్తోంది. మనకు వానాకాలం మొదలయ్యే వేళకు అక్కడ శీతాకాలం. ఆ దక్షిణ సముద్రాల్లో కెరటాలు బాగా లేచే కాలం అది. నేను ఆ సంగతి అంతకుముందే చదివి పెట్టుకున్నాను. ఒకరోజు వాడి దగ్గర నుంచి రావలసిన సందేశం రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజున మావారు కంపెనీ కార్యాలయానికి ఫోను చేశారు. ఓడ నుంచి రోజూ మధ్యాహ్నం రావలసిన నివేదిక సక్రమంగా అందుతోందని, ఉపగ్రహ ఇంటర్నెట్ పరికరం మాత్రమే చెడిపోయిందని, రేవు చేరాక బాగుచేస్తారని వాళ్ళు మర్యాదగానే చెప్పారు. ఆ పూట మావారు అన్నం తిని నిద్రపోయారు. నాకు ఆ మాట గంటసేపు కూడా నిలవలేదు. నివేదిక మధ్యాహ్నానిది కదా, సాయంత్రం ఏమైందో? రేపటి నివేదిక వచ్చినా, ఆ తరువాతి రాత్రి మాటేమిటి? కావలసిన సమాచారం చేతికి వచ్చాక కూడా మనసు అలాగే కొట్టుకుంటుంటే, నాకు లోటు పడింది అసలు సమాచారమేనా అన్న అనుమానం అప్పుడు మొదటిసారి కలిగింది.

నా ప్రార్థన కూడా అదే దారిలో నడుస్తోందని ఆ రోజుల్లోనే గమనించాను. కరకచెట్టు పోలమాంబ అమ్మవారి గుడికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళేదాన్ని. గుళ్ళో దీపం ముందు నిలబడి నేను అడిగేది వాణ్ణి కాపాడమని కూడా కాదు. వాడు బాగున్నాడని నాకు ఇప్పుడే తెలియజెయ్యి తల్లీ అని. అమ్మవారిని కూడా ఒక రిసీవరును చేసి కూర్చోబెట్టాను. కుడివైపు పువ్వు రాలితే శుభమని, దీపం రెపరెపలాడితే కీడని లెక్కలు వేసుకుంటూ ఇంటికి వచ్చేదాన్ని. మా అత్తగారు పాతకాలపు మనిషి, మొక్కుల మీద గట్టి నమ్మకం. ఆవిడ చెబితే, నాకూ వేరే దారి తోచక, సింహాద్రి అప్పన్నకు గిరి ప్రదక్షిణ మొక్కుకున్నాను.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ జరిగే ఆ నడక 32 కిలోమీటర్లు. ముందురోజు మధ్యాహ్నం కొండ కింది తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే హనుమంతవాక మీదుగా జోడుగుళ్ళపాలెం దగ్గర సముద్రపు ఒడ్డుకు వచ్చి, మళ్ళీ ఊళ్ళోకి తిరిగి మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం దాటి కొండ మొదటికి చేరుకుంటాం. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చిన జనంతో రాత్రంతా రోడ్లు నిండిపోతాయి. వీధి వీధికీ మంచినీళ్ళు, మజ్జిగ, పులిహోర పంచేవాళ్ళుంటారు. నేను జోడుగుళ్ళపాలెం చేరేసరికి బాగా పొద్దుపోయింది. కాళ్ళు వాచిపోయి ఇసుకలో కూర్చుండిపోయాను. మబ్బుల మధ్య నుంచి చంద్రుడు వచ్చి పోతున్నాడు, పోటు మీదున్న కెరటాలు స్నానాలు చేసేవాళ్ళ నడుముల దాకా లేచి వెనక్కు తగ్గుతున్నాయి. ఫోను తీద్దామని సంచిలో చెయ్యి పెట్టాను. ఛార్జింగ్ అయిపోయి ఉంది. ఇసుక మీద ఎంతసేపు కూర్చున్నానో గుర్తు లేదు. నా కొడుకును మోస్తున్న నీళ్ళు, నా కాళ్ళ ముందు లేచి పడుతున్న నీళ్ళు ఒకటేనన్న తెలివి ఆ రాత్రి నాకు కొత్తగా కలిగింది.

మర్నాడు కొండ మీద దర్శనం వరుసలో నిలబడ్డప్పుడు ఇంకొకటి తోచింది. సింహాచలంలో వరాహ లక్ష్మీనరసింహస్వామి నిజరూప దర్శనం ఏడాదిలో ఒక్క రోజే, వైశాఖ శుద్ధ తదియ నాడు. ఆ దర్శనం ముగిశాక మూడు మణుగుల చందనం పూస్తారు. తరువాత వైశాఖ పౌర్ణమికి, జ్యేష్ఠ పౌర్ణమికి, ఆషాఢ పౌర్ణమికి మూడేసి మణుగుల చొప్పున సమర్పిస్తారు. అంటే ఈ జనమంతా రాత్రంతా నడిచి, వాచిన కాళ్ళతో కొండెక్కే పౌర్ణమి నాడే నాలుగో విడత కూడా పడి స్వామి పూర్తిగా చందనంలోకి వెళ్ళిపోతాడు. బాగా కనిపించే రోజున కాదు, పూర్తిగా కప్పుకున్న రోజున మేమంతా ఆయన చుట్టూ తిరుగుతాం. నా ముందు నిలబడ్డ వందల మందిలో ఒక్కరైనా "ఇది చందనమే కదా, స్వామి ఏడీ" అని అడగలేదు. చిన్నప్పటి నుంచి ఈ కొండ ఎక్కుతున్న నేనూ ఎన్నడూ అడగలేదు. చందనానికే చేతులు జోడించాం, లోపల ఆయన ఉన్నాడన్న దానిలో ఎవరికీ సందేహం లేదు. సింహాచలంలో ఇంత సులభంగా చేయగలిగిన పని, పటం మీద చుక్క కనిపించని సముద్రం విషయంలో ఎందుకు చేయలేకపోతున్నానని నన్ను నేనే అడిగాను. ఆ ప్రశ్నతో కొండ దిగాను.

ఇంటికి వచ్చాక ఆప్ తీసేయలేదు, ఆ ధైర్యం అప్పటికి లేదు. ఉదయం ఫోను ఇంట్లో వదిలి బీచికి వెళ్ళడం మాత్రం మొదలుపెట్టాను. పెద్ద జాలరిపేట వైపు ఒక ముసలాయన ఇసుకలో కూర్చుని వలలు బాగుచేస్తూ కనిపించేవాడు. రోజూ వచ్చి ఊరికే నీళ్ళకేసి చూస్తున్నానని ఆయనే పలకరించాడు. కొడుకు ఓడ మీదున్నాడని చెప్పాను. ఆయన ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. "నిన్న ఈయేలకి నీరు ఆ రాయి కాడికొచ్చింది, నేడింకా రాలేదు, సూడు తల్లీ" అన్నాడు. చూశాను. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, పాటు రెండుసార్లు. చంద్రుడు రోజురోజుకూ ఆలస్యంగా ఉదయిస్తాడు గనుక పోటు కూడా మర్నాడు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. బడిలో చదివిన పాఠమే ఇది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విషయాన్ని, ఒక రాయిని గుర్తు పెట్టుకుని వారం రోజులపాటు వరుసగా కళ్ళతో చూడడం వేరని అప్పుడు తెలిసింది. ఆ వారంలో నేను ఎంత కలత పడ్డా పోటు ఒక్క పూట కూడా తప్పలేదు. నన్ను ఓదార్చడానికి అది ముందుగా రాలేదు, నన్ను మరిచి రాకుండానూ పోలేదు. ఆ రాయి దగ్గర నిలబడి ఉండగా, నా మనసు ఊహించే భయాల కంటే చాలా పాతదీ చాలా గట్టిదీ అయిన ఒక ఏర్పాటులో నా కొడుకు ఉన్నాడని మెల్లగా అనిపించసాగింది.

11వ రోజు మధ్యాహ్నం సందేశం వచ్చింది. "అమ్మా, నెట్ పోయింది, బావున్నాను, అన్నం తిన్నావా" అని. నేను ఏడ్చాను, అత్తగారు దేవుడి గదిలోకి వెళ్ళారు. ఆ సందేశం నా నమ్మకానికి రుజువని మాత్రం నేను ఎవరికీ చెప్పను. అది రుజువైతే, రాని సందేశం అవిశ్వాసానికి రుజువు కావాలి. ఈ ఊళ్ళో సముద్రం మీదికి వెళ్ళి తిరిగిరాని మనుషుల ఇళ్ళు ఉన్నాయి, జాలరిపేటలో ఆ ముసలాయన ఇల్లే ఒకటి. వాళ్ళ ముందు నిలబడి, నా ప్రార్థన ఫలించింది, మీది ఫలించలేదు అనే నోరు నాకు లేదు. నేను చెప్పగలిగింది ఇంతే: సందేశం రావడానికి మూడు రోజుల ముందు నుంచే నేను రాత్రుళ్ళు నిద్రపోగలిగాను. వాడి క్షేమం తెలియకుండానే ఆ నిద్ర పట్టింది. దాన్నే ఇప్పుడు విశ్వాసమని పిలుస్తున్నాను.

మా పై వాటాలో ఉండే మాస్టారు భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవారు. ఆయన దేవుణ్ణి నమ్మరు. ఎదుటివారి నమ్మకాన్ని తేలిక చేసే మనిషి మాత్రం కారు. నేను పోటు గురించి చెప్పినప్పుడు ఆయన శ్రద్ధగా విని, "అమ్మా, మీరు చూసిన క్రమం నిజమే. కానీ ఆ క్రమానికి మీ అబ్బాయి అంటే పట్టింపు ఉందని ఎలా అంటారు? ఆ చంద్రుడి పోటే ఎన్నో పడవలను తిరగేసింది. ఒకసారి వేసవిలో తాబేళ్ళను చూసి రండి, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. ఆయన మాట నన్ను చాలా రోజులు బాధించింది. ఆయన అడిగిన ప్రశ్నను పక్కన పెట్టి ప్రకృతిలో దేవుడు కనిపిస్తున్నాడని చెప్పే రాతలంటే నాకిప్పుడు ఇష్టం లేదు. తామర పువ్వునూ వెన్నెలనూ చూపించి ఊరుకుంటే సరిపోదు. సూర్యోదయం ఫోటో కింద శుభోదయం అని రాసి పంపుకునే అలవాటు మనందరిలోనూ ఉంది. అది చెడ్డదని అనను, కానీ అందం చూసి కలిగే హాయి మొదటి గాలివానకే కొట్టుకుపోతుంది.

తాబేళ్ళను చూడడానికి వెళ్ళాను. విశాఖ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు చలికాలం చివర్లో గుడ్లు పెట్టడానికి వస్తాయి. రామకృష్ణా బీచి నుంచి సాగర్ నగర్ దాకా ఆ జాడలు కనిపిస్తాయి. ఆడ తాబేలు రాత్రివేళ ఇసుక మీదికి పాకి వచ్చి, వెనక కాళ్ళతో గుంట తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తన శరీరాన్నే అటూ ఇటూ వంచి ఆ చోటును గట్టిగా అదిమి, సముద్రంలోకి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఆ గుంట దగ్గరికి రాదు. గుడ్లలోంచి పిల్లలు బయటపడడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. గుడ్లను పొదిగే వేడి ఇసుకదే, ఆ ఇసుక వేడిని బట్టే పుట్టేది ఆడదో మగదో తేలుతుంది. కుక్కలు తవ్వి తినేయకుండా అటవీశాఖ వాళ్ళు గుడ్లను ఏరి, కంచె వేసిన సంరక్షణ కేంద్రాల్లో పాతిపెట్టి, పిల్లలు వచ్చాక సముద్రంలోకి వదులుతారు. ఇంత చేసినా, వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదైతే గొప్ప అని అంచనా. అదే కాలంలో చనిపోయిన పెద్ద తాబేళ్ళు కూడా ఒడ్డుకు కొట్టుకొస్తాయి. అవి గాలి పీల్చే జీవులు. వలల్లో చిక్కుకుని పైకి రాలేకపోతే నీళ్ళలోనే ఊపిరాడక పోతాయి. ఒక ఉదయం నేను ఒకదాని పక్కన నిలబడ్డాను. మూసుకోని దాని కళ్ళ మీద ఈగలు. మాస్టారు అడిగిన ప్రశ్న అక్కడ ఇసుక మీద పడి ఉంది.

దానికి నా దగ్గర జవాబు ఉందని చెప్పుకోను. వెయ్యిలో 999 ఎందుకు పోవాలో నాకు తెలియదు. కానీ ఆ లెక్క విన్నాక నాకు ఒకటి అర్థమైంది. నేను దేవుడి నుంచి కోరుకుంటున్నది, నా బిడ్డ ఆ వెయ్యిలో ఒకటి అవుతాడన్న హామీ. అలాంటి హామీ ప్రకృతిలో ఎక్కడా లేదు, మన పురాణాల్లోనూ లేదు. అర్జునుడికి కృష్ణుడే సారథిగా ఉన్నా అభిమన్యుడు మిగల్లేదు. హామీని విశ్వాసమని పొరబడ్డవాళ్ళు దేవుణ్ణి కోల్పోవడానికి ఒక చెడ్డ వార్త చాలు. తాబేలు తల్లి చేసే పనిలో హామీ ఎక్కడా లేదు. చేయగలిగినదంతా శ్రద్ధగా చేస్తుంది, గుంట లోతు దగ్గర నుంచి ఇసుకను అదమడం దాకా దేన్నీ తేలిగ్గా వదలదు. ఆ తరువాత సముద్రంలోకి తిరుగుతుంది. తన బిడ్డలను ఎన్నడూ చూడని ఆ తల్లుల వంశం ఈ నగరం పుట్టకముందు నుంచీ, మనిషి పుట్టకముందు నుంచీ తెగిపోకుండా సాగుతోంది. నేను ఆప్‌లో చుక్కను కాపలా కాసినట్టు అది గుంట దగ్గర కాపలా కూర్చుంటే ఒడ్డు మీదే ఎండి చచ్చిపోయేది. మాస్టారికి ఇదే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు, "మీరు దాన్ని నమ్మకం అంటున్నారు, నేను సహజ ప్రవృత్తి అంటాను" అన్నారు. పేరు ఏదైనా, దాన్ని ఆ జీవిలో పెట్టింది ఆ జీవి కాదు గదా మాస్టారూ అన్నాను. మేము ఆ సంభాషణ ఇప్పటికీ ముగించలేదు.

దూరం గురించి కూడా నేను చాలా కాలం తప్పుగా అనుకున్నాను. వాడు దగ్గరుంటే క్షేమం, దూరమైతే ప్రమాదం అని. కానీ 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద తీరం దాటిన రోజున, ఇంటర్మీడియట్ చదువుతున్న నా కొడుకు నాకు చెయ్యి చాపినంత దూరంలోనే ఉన్నాడు. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి హాలు కిటికీ చట్రంతో సహా ఊడి లోపలికి వచ్చి పడింది. వాడూ మావారూ తలుపుకు వీపులు ఆనించి నిలబడితే, నేను అత్తగారిని మంచం కింద కూర్చోబెట్టి పట్టుకున్నాను. మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోయి భయంకరమైన నిశ్శబ్దం వచ్చింది. తుఫాను కన్ను మన మీద ఉందని, ఇప్పుడు రెండోవైపు నుంచి కొడుతుందని రేడియోలో విన్నవాళ్ళు అరుస్తున్నారు. ఆ గంటల్లో బిడ్డ నా కళ్ళ ఎదుటే ఉన్నాడు, వాణ్ణి కాపాడడానికి నా చేతిలో ఏమీ లేదు. దక్షిణ సముద్రంలో ఉన్నప్పుడు ఎంత ఉందో అంతే ఉంది.

మర్నాడు బయటికి వస్తే కైలాసగిరి మీద ఆకన్నది లేదు, కొండ మొత్తం కాలిపోయినట్టు గోధుమ రంగులో ఉంది. మా వీధి మొదట్లోని కానుగ చెట్టు మొండెం మాత్రం మిగిలింది. కరెంటు లేని రోజుల్లో బిందెలు పట్టుకుని ట్యాంకరు దగ్గర నిలబడినప్పుడల్లా దాన్ని చూసేవాళ్ళం; మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి కొట్టేస్తారనుకున్నాం. పడిపోయిన చెట్లు తీయడానికే వాళ్ళకు తీరిక లేకపోయింది. దీపావళి వెళ్ళిన కొద్ది రోజులకు ఆ మొండెం బెరడును చీల్చుకుని ఎర్రటి చిగుళ్ళు గుత్తులుగా వచ్చాయి. ఆ తుఫానులో మనుషులు పోయారు, జీడితోటలు, కొబ్బరితోటలు పోయి రైతులు చితికిపోయారు. ఒక చెట్టు చిగిర్చిందని ఆ నష్టాన్ని సమర్థించే పని నేను చేయను. కానీ చిగురు వచ్చిన సంగతి కూడా నష్టం అంత నిజమే, రెండింట్లో ఒకదాన్నే చూసి లోకం ఇంతేనని తేల్చడం చూపులోని లోపం. చందనం కింద స్వామి ఉన్నట్టే, ఆ కాలిపోయినట్టున్న బెరడు కింద ఆ చిగురు గాలి వీచిన రోజున కూడా ఉంది.

మన పెద్దలు చెప్పుకునే అవధూత కథలో ఆయనకు 24 మంది గురువులు: భూమి, గాలి, సముద్రం, చంద్రుడు, కొండచిలువ, సాలెపురుగు, ఇంకా ఎందరో. నదులు పొంగి వచ్చి కలిసినా పొంగకుండా, వేసవిలో నీరు తగ్గినా ఎండకుండా ఉండే నిబ్బరాన్ని సముద్రం దగ్గర నేర్చుకున్నానంటాడు ఆయన. ప్రకృతిని చూసి దేవుడి వైపు తిరగడం మనకు ఎవరో కొత్తగా నేర్పింది కాదు. అయితే ఆ గురువుల్లో పావురం కూడా ఉంది. వేటగాడి వలలో పడ్డ పిల్లలను చూసి తల్లి పావురం వలలోకి దూకుతుంది, దాని వెనక మగ పావురం దూకుతుంది. మితిమీరిన మమకారం తగదని అవధూత దాని వల్ల గ్రహిస్తాడు. ఇక్కడ మాత్రం నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించలేను. పిల్లల మీద ప్రేమ తగ్గించుకుంటేనే శాంతి దొరుకుతుందంటే ఆ శాంతి నాకు అక్కరలేదు. నేను చూసిన తాబేలుకు గాని, మా బాల్కనీలో గూడు కట్టే పిగిలిపిట్టకు గాని ప్రేమ తక్కువేమీ కాదు.

ఆ పిట్ట సంగతి కూడా చెప్పాలి. మా బాల్కనీలో రాధామనోహరం తీగ ఉంది. రెండేళ్ళ కిందట ఒక పిగిలిపిట్టల జంట అందులో గిన్నెలాంటి చిన్న గూడు కట్టి మూడు గుడ్లు పెట్టాయి. పొదిగినన్నాళ్ళూ, సుమారు రెండు వారాలు, నేను బట్టలు ఆరేయడం కూడా మానేశాను. పిల్లలు బయటికి వచ్చిన నాలుగో రోజున కాకి తన్నుకుపోయింది. ఆ జంట ఒక పూటంతా గూటి చుట్టూ అరుస్తూ తిరిగాయి, వాటితో పాటు నేనూ అన్నం తినలేదు. రెండు వారాలు తిరిగేసరికి అదే తీగలో, ఇంకాస్త లోపలికి, ఆకుల గుబురులో మళ్ళీ గూడు మొదలైంది. ఈసారి చోటు మార్చుకున్నాయి గమనించండి. దుఃఖపడ్డాయి, పాఠం నేర్చుకున్నాయి, మళ్ళీ గుడ్లు పెట్టాయి. దేవుడి మీద భారం వేశాం అంటూ చేతులు ముడుచుకుని కూర్చోవడానికీ, ఈ నమ్మకానికీ సంబంధం లేదు. మావాడి ఓడలో రక్షణ పడవ కసరత్తు చేస్తారు. రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే జాలరిపేటలో ఎంత గంగమ్మ భక్తుడైనా పడవ దింపడు. చేయగలిగినది చేసే చోట భక్తికీ జాగ్రత్తకూ తగాదా లేదు. చేయగలిగినది అయిపోయిన తరువాత మిగిలే రాత్రి ఉంటుంది చూశారా, అక్కడే నమ్మకం పని మొదలవుతుంది.

రేవులోకి ఓడలు వచ్చిపోయే కాలువ పక్కన మూడు గుట్టలున్నాయి: ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఇంకొకదాని మీద దర్గా. మా వీధిలో ఓడ ఎక్కిన ఇంకో కుర్రాడి తల్లి ఆ చర్చికి వెళ్తుంది. ఆకాశ పక్షులను చూడమని, అవి విత్తవు, కోయవు, అయినా వాటిని పోషించేవాడు ఉన్నాడని తమ ప్రభువు చెప్పాడని ఆవిడ ఒకసారి మా బాల్కనీలో కూర్చుని చెప్పింది. నేను పిగిలిపిట్టను చూపించాను. మేమిద్దరం చాలాసేపు మాట్లాడకుండా చూస్తూ కూర్చున్నాం. ఆ రోజు వాళ్ళవాడి నుంచి కూడా కబురు లేదు.

ఈ మాఘంలో మావాడు మళ్ళీ ఓడ ఎక్కడానికి బయల్దేరాడు. విమానాశ్రయంలో దింపి వచ్చిన రాత్రి మావారు, "ఆ ఆప్ మళ్ళీ వేసుకోలేదా" అని అడిగారు. పాత ఫోనుతో పాటే పోయింది, వెతుక్కోలేదు అన్నాను. మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున పెద్ద జాలరిపేట వైపు వెళ్ళి, నీరు ఆ రాయి దాకా వచ్చిందో లేదో చూసి వచ్చాను. రెండో రాత్రి పట్టింది.

తీగ ఈ మధ్య బాగా పెరిగి గ్రిల్లు దాటి కింది వాటావాళ్ళ దండెం మీదికి వేలాడుతోంది. కత్తిరించమని వాళ్ళు రెండుసార్లు చెప్పారు, మావారు కత్తెర కూడా తీసి పెట్టారు. నిన్న పొద్దున పిగిలిపిట్ట కొబ్బరి పీచు ముక్కతో తీగలోకి దూరడం చూశాను. కత్తెర లోపల పెట్టేసి, కింది వాటాకు వెళ్ళి, ఇంకో నెలన్నర ఆగమని అడిగి వచ్చాను.